ఎండలో తిరిగే తల్లి పాలు

సింకులో పాలు పారబోస్తున్న చప్పుడు నీళ్ల చప్పుడులా ఉండదు. కాస్త బరువుగా, ఆగి ఆగి వినిపిస్తుంది. డ్యూటీ దిగి, కండక్టర్ సంచి భుజాన ఉండగానే నేను దాన్ని విన్నాను. తెల్లవారుజామున పిండి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లిన నా చనుబాలను మా అత్త మణెమ్మ పారబోస్తోంది.

"ఇయ్యాల గూడ ఇరిగినయ్ పిల్లా," అన్నది వెనక్కి తిరగకుండానే. "నేను జెప్తనే ఉన్న. ఎండల తిరిగే తల్లి పాలు లోపల్నే కాగుతయి. పాపం, ఫ్రిజ్ ఏం జేస్తది?"

కాన్పుకు కోడేరులోని మా అమ్మ దగ్గరికి వెళ్లి, సెలవు ముగిశాకే కొత్తకోటలోని ఈ ఇంటికి తిరిగి వచ్చాను. నాది వనపర్తి డిపో, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లివచ్చే బస్సు. మళ్లీ డ్యూటీలో చేరిన రోజు నుంచే పాలు ఇలా పాడవుతున్నాయి. పాప సింధూజకు డబ్బా పాలు పడవు; తాగిన వెంటనే కక్కేస్తుంది. నా భర్త ఇమ్మానుయేల్ హైవే మీద లారీ మెకానిక్. "రాజీనామా ఇయ్యి. పిల్ల కన్న ఎక్కువనా నీకు టికెట్లు గొట్టుడు?" అన్నాడు. గ్రీజు కడుక్కునే చేతులకు నేను సబ్బు అందిస్తుండగా అన్నాడు. పగలంతా అతడూ ఎండలోనే ఉంటాడు. అతడి ఎండ సంపాదన, నా ఎండ దోషం.

నేను బీఎస్సీలో జీవశాస్త్రం చదివాను. బయట ఎంత ఎండ కాసినా మనిషి శరీరం తన వేడిని తానే అదుపులో ఉంచుకుంటుందని పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా బస్సులో ఇంజన్ పక్కన నిలబడి టికెట్లు ఇస్తూ, యూనిఫాం తడిసినప్పుడల్లా ఎవరూ చూడకుండా వాసన చూసుకునేదాన్ని. పక్క సీటులోని ఆవిడకు పాల పులుపు వాసన తెలిసిపోతుందేమోనని దూరం జరిగేదాన్ని. రోజూ వినే మాటకు మనం ఒకనాటికి రుజువు అడగడం మానేస్తాం. అది మన దేహం గురించిన మాటైతే మరీ త్వరగా మానేస్తాం.

అత్తకు నా మీద పగ ఏమీ లేదు. చర్చిలో ప్రార్థన చేయించిన నూనె తెచ్చి పాల డబ్బా మూతకు రాసింది కూడా. నేను వద్దనలేదు. నూనె వల్ల మూతకు నష్టం లేదు. పాలకు లాభమూ కనిపించలేదు.

ఒకరోజు, అవేమవుతాయో చూద్దామని, కాచని బర్రె పాలు ఒక గ్లాసులో పోసి, నా డబ్బా పక్కనే పెట్టి వెళ్లాను. ఇంట్లో బర్రె పాలను ఉదయమే కాచి వాడుకుంటాం కనుక, అవి ఫ్రిజ్‌లో ఎంతసేపు నిలుస్తాయో ఎవరూ చూడలేదు. సాయంత్రానికి రెండూ పులిశాయి.

"బర్రె కూడ బస్సెక్కి తిరిగిందా అత్తా?" అన్నాను.

"పక్క పక్కన వెడ్తే అంటదా మరి? నీ పాల గాలే దానికి తగిలింది," అన్నది తడుముకోకుండా.

పులిసిన బర్రె పాలను నేనే సింకులో పారబోశాను. కానీ తప్పు నాదా, ఫ్రిజ్‌దా అన్న ప్రశ్న మొదటిసారి నా మనసులో నిలబడింది. నేను ఇంట్లో ఉన్నంతసేపూ ఫ్రిజ్ గుయ్యిమంటూనే ఉంటుంది, తలుపు తీస్తే చల్లగానే తగులుతుంది. మరి నేను లేనప్పుడు? ఆ రాత్రి ఫ్రీజర్‌లో చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టనిచ్చి, మరుసటి ఉదయం గాజులకున్న పిన్నీసు ఒకటి తీసి ఆ గడ్డ మీద ఉంచి డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం పాప ఏడుపులో ఆ సంగతే మరిచిపోయాను. మర్నాడు గుర్తొచ్చి చూస్తే గిన్నెలో మంచు గట్టిగానే ఉంది. పిన్నీసు మాత్రం అడుగున, మంచు కింద ఉంది. మంచు ఒకసారి పూర్తిగా కరిగితే తప్ప ఇనుము కిందికి దిగదు.

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్, మళ్లీ చేరాక మొదటిది. ఫ్రిజ్ ఎప్పుడు ఆగుతుందో చూద్దామని వంటింట్లోనే కూర్చున్నాను. మా మామ బాలస్వామి పొద్దున్నే జొన్నరొట్టె తిని, చేయి కడుక్కుని, ఫ్రిజ్ నెత్తి మీద రెండుసార్లు తట్టి స్విచ్ ఆపేశాడు.

"మామా, ఎందుకు బంద్ జేస్తున్నవ్?"

"ముసల్ది గదా బిడ్డా! రాత్రంత గుయ్యిమని తిరిగింది. జర దమ్ము తీస్కోనీ. రోజూ నువ్వొచ్చే యాళ్లకు మళ్ల ఏస్తనే ఉన్న."

మామ చాలా ఏళ్లు ఊళ్లు వదిలి డ్యాముల దగ్గర కాంక్రీటు కలిపే మిషన్ నడిపాడు. మధ్యాహ్నం దానికి విరామం ఇవ్వకపోతే ఇంజన్ కాలిపోయేదట. మనవరాలి పాల కోసమని ఈ పాత ఫ్రిజ్‌ను తానే కొని తెచ్చి, అదే నియమంతో కాపాడుకుంటున్నాడు. నేను పెట్టిన గోరువెచ్చని పాలు చల్లబడక ముందే అది ఆగిపోతోంది. కోపం రావాల్సింది. నేను కింద కూర్చుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వాను. ఇన్ని రోజులుగా గుండె మీద కూర్చున్న బరువేదో లేచి వెళ్లిపోయినట్టయింది.

"సల్లవడంగనే అదే ఆగుతది మామా. దాని దమ్ము అది తీస్కుంటది. ఇగ స్విచ్ ముట్టకు."

"గట్లనా!" అన్నాడు మామ, నిజంగా ఆశ్చర్యపోయి.

మరునాడు మండే ఎండలో నాగర్‌కర్నూల్ వెళ్లివచ్చాను. ఇంటికి చేరేసరికి పాప పాలు తాగి నిద్రపోతోంది. డబ్బాలో ఇంకొన్ని మిగిలి ఉన్నాయి. అత్త మూత తీసి వాసన చూసింది. నమ్మకం కుదరక, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. అప్పుడే లోపలికి వచ్చిన ఇమ్మానుయేల్‌తో, "ఉద్యోగం మానను. ఇగ ఆ మాట ఎత్తకు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, తేలిగ్గా వినిపించింది. అతడు తల్లి ముఖం వైపు చూసి, "సరే తియ్," అన్నాడు.

అత్త మా మాటలు వినడం లేదు. మామ వైపు తిరిగింది.

"డ్యాం కాడ మిషిన్‌కు దమ్ము ఇచ్చిన్రు. తట్టలు మోసినోళ్లకు ఎవడిచ్చిండయ్యా?"

మామ తల దించుకున్నాడు. అత్త నా పక్కన వచ్చి కూర్చుంది. డబ్బా ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"మేస్త్రి పెండ్లం నాకు గూడ గిదే జెప్పింది. ఎండల తట్ట మోసినదాని పాలు ఇసమని. గోడ సాటుకు వోయి మట్టిల పిండి పారబోసేదాన్ని. వీనికి బెల్లం నీళ్లు తాపిన." గుమ్మంలో నిలబడిన కొడుకును చూసింది, తర్వాత నన్ను. "నావి గూడ మంచియేనా, నిరోషా?"