మెరక మట్టి మాట

వినీల రాళ్ళు నాకడం ఎప్పుడు మానేస్తుందా అని సంపూర్ణమ్మ అనుకోని రోజు లేదు. కూతురు జియాలజిస్టు అయితే కొండలు పట్టుకు తిరుగుతుందని ఆవిడకి తెలుసు. గనుల్లోంచి తవ్విపోసిన చెత్తరాయిలో ఏముంది, అది వానకి కరిగి ఎవరి నూతిలోకి దిగుతోంది అని తేల్చడం దాని ఉద్యోగమనీ తెలుసు. అందుకు రాజమండ్రిలో ల్యాబు ఉంది, మైక్రోస్కోపు ఉంది, నెలనెలా జీతం ఉంది. అన్నీ ఉండగా పొద్దున్నే టిఫిను ముందు కూర్చుని సంచిలోంచి రాయి తీసి నాలిక్కి ఆనించుకోవడం ఏంటని ఆవిడ గొడవ.

"ఏటమ్మా, ఉప్మా ఇంకా అవ్వనేదేటి?" అంది వినీల ఆ వేళ.

"శ్రీకాకుళం రాయా?" అంది సంపూర్ణమ్మ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే. "లేచి నోరు పుక్కిలించుకో. ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తే అలాగే మాట్లాడతావా?"

ఏ నేల నీళ్ళు తాగితే ఆ నేల మాట నోటికి వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెప్పే సంగతే ఇది. ఎక్కడి నుంచి కోడలిని తెచ్చుకున్నా, ఇక్కడి కాలవ నీళ్ళు కొన్నాళ్ళు తాగాక ప్రతి మాటకీ 'అండి' తగిలించేది అందుకే. గుక్కెడు తాగితే గుక్కెడు సేపు, రోజూ తాగితే రోజూ, నెలల తరబడి తాగితే మానేశాక కూడా కొన్నాళ్ళు. కాచిన నీళ్ళలో మాత్రం మాట మిగలదు. అందరికీ నీళ్ళతో అయ్యేది వినీలకి రాయితోనే అయిపోతుంది, అంతే తేడా. ఆ నాలుకంటే ఆమెకి కాస్త గర్వం. ఆ గర్వం దాచుకునే మనిషీ కాదు.

ఆ రోజు ఆమె వెళ్ళవలసింది ద్రాక్షారామం దారిలో ఉన్న చింతలలంక కాలనీకి.

డెల్టాలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక చెయ్యాలి. నేలంతా పల్లం. వానాకాలంలో వరిచేనుకీ వాకిలికీ తేడా తెలియదు. అందుకని లారీలతో గ్రావెల్ తోలించి, నేల ఎత్తు పెంచి, ఆ మీద పునాది తీస్తారు. చింతలలంకలో కాలవ గట్టు మీద గుడిసెల్లో ఉండేవాళ్ళకి ప్రభుత్వం ఇళ్ళ స్థలాలిచ్చినప్పుడు ఆ మెరక పని చేసిన కాంట్రాక్టరు పేరు పల్లంరాజు. పేరు పల్లం, పని మెరక అని ఊళ్ళో నవ్వుకున్నారు. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. చేతిపంపుల్లో నీళ్ళు పుల్లగా వచ్చాయి. బిందెల అడుగున పచ్చగా చిలుము కట్టింది. పిల్లలకి కడుపునొప్పులు పట్టుకున్నాయి.

"అక్కడి నేలే అంతండి, కాలనీ రద్దు చేసెయ్యడమే" అని పల్లంరాజు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పుకొచ్చాడు. రద్దయితే అందరూ మళ్ళీ గట్టు మీదకే. తప్పు నేలది కాదు, తోలిన మట్టిది అని తేలితే మాత్రం తోలినవాడే దాన్ని ఎత్తి, మంచి మట్టి పోసి, ఇళ్ళు నిలబెట్టాలి. అది తేల్చమని ఆర్డీవో గారు వినీలకి అప్పజెప్పారు.

ఆ కాలనీలోనే ఉంటున్న సూర్యకళ ఇల్లు కిటికీల ఎత్తు దాకా లేచి ఆగిపోయింది. పక్కనే రేకుల పాకలో కాపురం.

"మా ఆయన తాపీ పనండి, నేను మోత. పరాయి మనిషి చెయ్యి పడకుండా కట్టుకున్నామండి" అంది గోడ మీద చెయ్యి వేసి. "కాలనీ తీసేస్తారంటున్నారు. నిజమేనాండి?"

"నా రిపోర్టు వచ్చేదాకా ఎవరూ తియ్యరు" అంది వినీల. "ముందు పంపు చూపించండి."

ఇంతలో పాకలోంచి సూర్యకళ కూతురు సారిక వచ్చి కొంగు పట్టుకుంది. ఇంకా బడికి వెయ్యని పిల్ల.

"అమ్మా, ఆకలైతాంది. పొద్దుగాల సంది ఏం తినలే."

సూర్యకళ చెయ్యెత్తబోయి, మేడం ఉందని ఆగింది. "చూశారాండి వరస? కాలనీలో పిల్లలంతా ఇలాగే తయారయ్యారు. ఫోన్లో రీల్సు చూసి నేర్చుకున్నారండి. ఫోను దాచేశాను. రెండు తగిలించాను కూడా. అయినా మానదు."

వినీల పిల్లవైపే చూస్తోంది. "ఫోను దాచి ఎన్నాళ్ళయింది?"

"వేసవిలోనేనండి."

"మరి మీకు రాలేదేం?"

"ఏంటండి?"

"ఆ మాట."

"నేను ఇంట్లో ఉండేదెంతసేపండి? టీ నీళ్ళు తాగి చేలోకి పోతాను. పగలంతా అక్కడి కుళాయి నీళ్ళే. పిల్లలే ఇంటి దగ్గర..." సూర్యకళ మాట అక్కడే ఆగిపోయింది. పంపు వైపు చూసింది.

సొంత ఊళ్ళో బోరు వేసుకుని పరాయి ఊరి నీళ్ళు తాగుతున్నామని ఎవరికి మాత్రం తడుతుంది! అందులోనూ చేతిలో ఫోను ఉన్న కాలంలో, ఏ పాపమైనా దాని మీదే వేసెయ్యడం అలవాటైపోయాక.

వినీల గోడవారన మట్టి తవ్వి, కాకిబంగారంలా మెరుస్తున్న రాయి ఒకటి పైకి తీసింది. చున్నీతో తుడిచి నాలుకకి ఆనించింది.

"గీ రాయి మీ ఊరిది కాదక్కా" అంది. "గుట్ట కాడికెళ్ళి తెచ్చిండ్రు."

సారిక చప్పట్లు కొట్టింది. "అమ్మా! గీ అక్క నా లెక్కనే మాట్లాడ్తాంది!"

సూర్యకళ ఉన్నచోటే కూలబడింది. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, తను కొట్టిన వీపు మీద చేత్తో రాస్తూ ఏడ్చింది. పంపు పిడికి తాడు కట్టి, ఇంకెవరూ కొట్టకుండా చేసి గానీ వినీల అక్కణ్ణుంచి కదల్లేదు.

నాలుక చెప్పిందని రిపోర్టు రాయలేం. ఎటు వెళ్ళాలో మాత్రం తెలిసింది. ఖమ్మం అవతల గుట్టల్లో మూతపడిన రాగి గనులు ఆమెకి కొత్త కావు. వాటి చుట్టూ తిరిగింది, చెత్తరాళ్ళు ఏరింది, ఒక్కొక్కటీ రుచి చూసింది. చివరికి ఒక గుట్ట వెనక రాయి నాలిక్కి తగలగానే అచ్చం సారిక మాట్లాడినట్టే ఆమె నోట మాట పలికింది. ఆ కుప్ప సగం ఖాళీ. పల్లంరాజు లారీలు కొబ్బరికాయలు దించి, తిరుగు ప్రయాణంలో ఆ చెత్త ఎక్కించుకుపోయేవని అక్కడి టీ కొట్టువాళ్ళే చెప్పారు. ల్యాబులో రెండు చోట్ల రాళ్ళనీ పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. అదే రాగి, అదే గంధకం. ఆ గంధకానికి గాలీ నీరూ తగిలితే ఆమ్లమవుతుంది, ఆమ్లం రాగిని కరిగించి కిందికి దింపుతుంది. చేతిపంపు దాన్ని పైకి తోడుతుంది. నాలుక అన్నదానికి మైక్రోస్కోపు సరేనంది.

విచారణ కాలనీలోనే, షామియానా వేసి పెట్టారు. ఆర్డీవో రాజేంద్ర గారు రిపోర్టంతా ఓపిగ్గా విన్నారు. పల్లంరాజు ఇస్త్రీ మడత నలగకుండా లేచాడు.

"మేడం గారు చదువుకున్నవారు, కాదననండి. రాగి అన్నాక ఎక్కడైనా ఉంటుంది. టీ కొట్టు కబుర్లు కూడా సాక్ష్యాలేనాండి? నేను తోలింది మన రాజానగరం కొండ గ్రావెలండి. అసలు ఈ నీళ్ళకేం వచ్చిందండి? ఇప్పుడే మీ ఎదురుగా తాగుతాను."

"తాగకండి రాజుగారూ" అంది వినీల. "మీ ఒంటికీ మంచిది కాదు, మీ కేసుకీ మంచిది కాదు."

ఆ మాటతో ఆయనకి రోషం వచ్చింది. కారులో సీసా నీళ్ళు తప్ప ముట్టని మనిషి, పంపుకి కట్టిన తాడు తనే విప్పి, గ్లాసు నింపి గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని జనం వైపు తిరిగాడు.

"సూసిండ్రా? ఏమన్న అయిందా నాకు?"

షామియానా కింద ఎవరూ నవ్వలేదు. పల్లంరాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏ కొండ గ్రావెలన్నారు?" అని అడిగారు ఆర్డీవో గారు, మామూలుగానే.

"కొండ ఏంది సార్, గుట్ట..." అని, ఇంక ఏమన్నా ప్రమాదమేనని గ్రహించి కూర్చున్నాడు.

"రాసుకోండి" అన్నారు ఆర్డీవో గారు గుమాస్తాతో.

కాలనీ రద్దు కాలేదు. మట్టంతా పల్లంరాజే ఎత్తించాలనీ, మంచి గ్రావెల్ తోలాలనీ, ఈలోగా కాలవ నీళ్ళు ట్యాంకరుతో అందించాలనీ అక్కడికక్కడే ఆర్డరు రాశారు. ఆడవాళ్ళు వినీల చేతులు పట్టుకున్నారు. సూర్యకళ ముఖం చూడగానే వినీలకి కష్టంగా అనిపించింది. అసలు మాట ఇంకా చెప్పలేదు.

"గోడల కిందది కూడా తియ్యాలి సూర్యకళ గారూ. పునాదితో సహా."

"ఆ కాస్త మేరా వదిలేస్తే ఏమవుతుందండి?"

"ఎంత వదిలితే అంతా నీళ్ళలోకి దిగుతుంది. పిల్లే తాగుతుంది."

సూర్యకళ గోడ మీద ఇంకోసారి చెయ్యి వేసింది. "స్థలం మాదేగా అండి?"

"మీదే. ఇల్లు కూడా ఆయన చేతే కట్టిస్తారు."

"ఆయన మట్టి మారిస్తే చాలండి. ఇల్లు మేమే కట్టుకుంటాం. కట్టడం వచ్చినవాళ్ళమే."

ఎవరి కోసమూ ఆగకుండా పాకలోకెళ్ళి గునపం తెచ్చుకుంది. కొంగు నడుముకి బిగించింది. సారిక పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది.

"అమ్మా, మన ఇల్లు ఎందుకు పడగొడ్తున్నవ్?"

సూర్యకళ ఆ పూట గోదారి కాలవ నీళ్ళు తప్ప ఇంకేమీ తాగలేదు. అయినా నోటికి పిల్ల మాటే వచ్చింది.

"నీ కోసమే బిడ్డా. దూరం జరుగు" అని, కిటికీ పక్క ఇటుక చూసుకుని గట్టిగా పొడిచింది.