బిగబట్టిన పొట్ట

"ఊపిరి వదలండి సార్," అన్నాడు టైలరు, నడుం చుట్టూ టేపు పట్టుకుని.

కాంట్రాక్టరు వదల్లేదు. కొలత తీసేటప్పుడు ఎవరూ వదలరు. పొట్ట బిగబట్టి, చూపు గోడ మీదికి తిప్పేసి, సన్నగానే ఉన్నామని టేపుకి నచ్చజెబుతారు. టైలరు ఏదో ఒక మాట కలిపి కాచుకుని ఉంటాడు. పొట్ట దిగిన క్షణంలో అంకె చదివేస్తాడు. ఏళ్ల తరబడి అతని పనితనమంతా ఆ కాచుకోవడంలోనే ఉంది.

ఇదిగో దిగబోతోంది అనగా, బల్ల కింద నుంచి టైలరు పెంచే కుక్క గుండీ భౌమని అరిచింది.

కాంట్రాక్టరు ఒక్క గెంతులో కుర్చీ వెనక్కి చేరాడు. "ఈ కుక్కని ఇంకా ఉంచావా? పోయిన వారం మా బావమరిది ప్యాంటు చింపింది ఇదే కదూ?"

"కుట్టిచ్చాను కదండీ."

"అది చింపడం, నువ్వు కుట్టడం. భలే వ్యాపారం పెట్టావయ్యా." గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

టైలరుకి ఒళ్లు మండింది. ఒక వానపూట తడిసి వచ్చి, గుడ్డపీలికల మీద ముడుచుకుపడుకున్న కుక్కపిల్ల అది. పోనీలే అనుకుంటే ఇప్పుడు బేరాలకే ఎసరు పెట్టింది. తనకి పెళ్లి సంబంధాలు చూసీ చూసీ అక్క విసిగిపోయాక, కొట్టు వెనక గదిలో అతను పలకరించడానికి మిగిలింది ఈ ఒక్క ప్రాణే. అయితే మాత్రం?

అక్కకి ఫోన్ చేశాడు. "సాయంత్రం కుక్కల బండిని రమ్మన్నాను. ఇక నావల్ల కాదు."

ఆ బండెక్కిన కుక్క తిరిగి రాదని వీధి మొత్తానికి తెలుసు.

"అరిచేముందు అదేం చేస్తుందో ఎప్పుడైనా చూశావట్రా?" అంది అక్క.

"ఏం చేస్తుంది, అరవడానికి నోరు తెరుస్తుంది."

"అంతకంటే ముందే ముక్కు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. మొహం తిప్పేసుకుంటుంది. ఇన్ని కుక్కల్ని సాకినదాన్ని, నా మాట విను."

"ఆవలింతలకి అర్థాలు వెతుక్కుంటూ కూర్చుంటే చొక్కాలు నువ్వొచ్చి కుడతావా?"

"కుట్టను. బండి వచ్చేదాకా దాన్నే చూడు."

విసుక్కుంటూనే చూశాడు. కోటు కుట్టించుకోవడానికి ఒక టీచరమ్మ వచ్చింది. గుండీ ముక్కు నాక్కుంది. తుమ్మబోతోంది కాబోలు అనుకున్నాడు. ఆవిడ వంగి చెయ్యి చాచింది. గుండీ మొహం పక్కకి తిప్పి ఆవలించింది.

"పాపం, నిద్రొస్తున్నట్టుంది," అంది టీచరమ్మ.

టైలరు చూపు మాత్రం కుక్క డొక్క మీద ఆగిపోయింది. డొక్క కదలడం లేదు. నోరు బిగుసుకుంది. పొట్ట లోపలికి పోయింది. చూపు గోడ మీద ఉంది.

ఈ వాలకం అతనికి కొత్తా? రోజూ టేపు చివర చూసేదే.

"కాస్త వెనక్కి రండమ్మా," అన్నాడు మెల్లగా.

ఆవిడ జరిగింది. అతను అలవాటుగా కాచుకుని ఉన్నాడు. కుక్క పొట్ట దిగింది. గుండీ అరవలేదు.

కళ్లు ఉండీ ఏం లాభం, అని తనని తానే తిట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా చూస్తూనే ఉన్నాడు. మెట్టు మీద అడుగు చప్పుడైతే ఊపిరి బిగబట్టేది. వీధిలో మోటారు సైకిలు పోతే బిగబట్టేది. చివరికి తను గుడ్డ అందుకోవడానికి వంగినా అంతే. ఆ పొట్ట దిగీ దిగకముందే మళ్లీ ఎవరో ఒకరు వచ్చేవారు. ఈ కొట్టులో అది పొద్దస్తమానం ఎవరో కొలతలు తీస్తున్నట్టే బతుకుతోంది.

బండి వద్దని చెప్పేశాడు. మళ్లీ అక్కకి ఫోన్ చేశాడు. "నువ్వొచ్చి తీసుకెళ్లు."

"ఇప్పుడు తెలిసిందిగా. ఇంకేం, ఉంచుకో."

"తెలిసింది కాబట్టే. తలుపులు మూసుకుని కొట్టు నడపలేను కదా. మీ ఇంటివైపు మనిషి అలికిడే ఉండదు."

"మరి నీకు?"

"నాకేం, బోలెడు పని."

పొద్దువాలాక అక్క వచ్చింది. వంగలేదు, పిలవలేదు. గుమ్మం పక్కన ఓరగా నిలబడింది. కాసేపటికి గుండీ లేచి ఆవిడ చీర అంచు వాసన చూసింది. ఇద్దరూ వీధి మలుపు దాకా నింపాదిగా నడిచి వెళ్లారు.

టైలరు మిగిలిన చొక్కా ముగించాడు. లైటు ఆర్పబోతూ బల్ల కిందికి చూశాడు. నీళ్ల గిన్నె అక్కడే ఉండిపోయింది. సగం తాగిన నీళ్ల మీద సన్నటి ఎర్రదారం ఒకటి తేలుతోంది.