అంచు కోసిన పుస్తకం

పొయ్యి మీద మట్టి మూకుడులో మైదా జిగురు కుతకుతలాడుతోంది. దాసు పుల్లతో కలుపుతున్నాడు. ఇదివరకైతే రంగు తేలగానే దించేవాడు. ఏడాదిగా రంగు మీద ఆశ వదులుకుని, వాసన పట్టీ, పుల్లకు తగిలే బరువు పట్టీ దించుతున్నాడు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేశాడు. ఎంత వేశాడో అతని వేళ్ళకే తెలుసు.

అతని రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి. ఈ సంగతి చోడవరం మొత్తానికి ఇద్దరికే తెలుసు, అతనికీ, భార్య పైడితల్లికీ. మూడోవాడికి తెలిసిందా, కోర్టు రికార్డుల బైండింగు మర్నాటికల్లా ఇంకొకడి అరుగెక్కుతుంది. అందుకని వీధిలో ఎవరు ఎదురైనా దాసు ముందుగానే నవ్వేసేవాడు. గొంతు వినబడి మనిషెవరో పోల్చుకునేదాకా ఆ నవ్వు ముఖం మీదే ఉండేది. ఊరు దాన్ని మంచితనం అనుకుంది. కొంత మంచితనం లేకపోలేదు కూడా.

రోలుగుంటలో పుట్టి, పన్నెండో ఏట అనకాపల్లిలో ఒక బైండరు దగ్గర పనికి కుదిరాడు దాసు. సూదిలో దారం ఎక్కించడం నేర్పకముందే ఆ గురువు ఒక మాట నేర్పాడు: "సదివినోడు కుట్టలేడొరే." పనికి వచ్చిన పుస్తకం చదవకూడదు. చదివితే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగితే పొయ్యి ఆగుతుంది. కూడబలుక్కుని చదవడం వచ్చినా, ముప్పై అయిదేళ్ళలో దాసు ఆ మాట జవదాటలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారీ వేంకటరమణమూర్తిగారి ఇంటి పుస్తకం వల్లే. దానికి పేరంటూ లేదు. ఆ ఇంటి ముత్తవ్వ ఎవరో మొదలుపెట్టింది. తరువాత ఆ ఇంటికొచ్చిన ప్రతి కోడలూ పుట్టింటి నుంచి ఒక పాటో, పద్యమో, వచనమో తెచ్చుకుని తన చేత్తో అందులో రాయాలి. చీరా సారే తేకపోయినా ఊరుకుంటారుగాని, ఇది తేకపోతే ఆ ఇంట్లో ఒప్పుకోరు. లాలిపాటలున్నాయి, వియ్యపురాళ్ళ వేళాకోళాలున్నాయి, పుచ్చు వంకాయ మీద ఎవరో కడుపు మండి చెప్పిన పద్యం ఉంది, పోయిన బిడ్డను తలుచుకుని రాసిన నాలుగు వాక్యాల వచనం ఉంది. గుడి వీధిలో ఎవరికి పురుడొచ్చినా, ఎవరికి జ్వరం తగిలినా ఆ పుస్తకం అడిగి పట్టుకెళ్ళి మంచం పక్కన చదివేవారు. ఏ పేజీ తిప్పినా పసుపు వేలిముద్రో, నూనె మరకో.

ఇరవై ఏళ్ళ కిందట అది మొదటిసారి బైండింగుకు వచ్చింది. కుట్టు విప్పుతూ దాసు ఊరికే ఒక పేజీ చూశాడు. ముత్తవ్వ వరదలో శారద ఏరు దాటుతూంటే బండి తిరగబడిన వైనం. పీకల్లోతు నీళ్ళలో ఆవిడ ఊరగాయ జాడీ నెత్తిన పెట్టుకుని బండివాణ్ణి తిడుతోంది. పేజీ మధ్యలో ఆవిడే బండి బొమ్మ కూడా గీసింది, చక్రాలు పైకీ ఎద్దులు పక్కకీ. దాసు నవ్వి నవ్వి ఇంకో పేజీ తిప్పాడు. ఆ రోజు పొద్దుగూకేదాకా సూది ముట్టలేదు. అప్పుడు ఆ కాగితాలకు వెడల్పాటి అంచులు, తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉండేవి. అది అతనికి బాగా గుర్తు.

కొంప ముంచింది ఆ గుర్తే. పోయిన వారం పుస్తకం మళ్ళీ వచ్చింది. తడిమి చూస్తే అంచులు ఎలుక కొరికినట్టున్నాయి. కళ్ళు పూర్తిగా పోయేలోగా దీన్ని కొత్తదానిలా చేసి ఇవ్వాలని దాసు ముచ్చటపడ్డాడు. కుట్టు బిగించాడు, పుస్తకం వీపుకు జిగురు పట్టించాడు, నిన్న మధ్యాహ్నం చెక్క ప్రెస్సులో పెట్టి మూడువైపులా బొటనవేలి వెడల్పున నున్నగా కోసేశాడు. ఇక అట్ట వేయడమే మిగిలింది.

కోతముక్కలు బుట్టలో ఉన్నాయి. పొయ్యి రాజెయ్యడానికి అవి పనికొస్తాయి. పైడితల్లి మూడో గుప్పెడు తీసి మంటలో వెయ్యబోతూ ఆగింది.

"ఇదేటయ్యా, ఈ ముక్కల నిండా రాతలున్నాయి?"

"ఉట్టి అంచేనే. తెల్ల కాయితం."

"నాకు కళ్ళు లేవేటి? ఇదిగో సూడు, పెన్సిలు రాత. నిలువునా రాసీసున్నాది."

పైడితల్లికి అక్షరాలు రావు గాని, కళ్ళు డేగ కళ్ళు. దాసు ఆ పీలిక లాక్కుని అరుగు మీది ఎండలోకి వెళ్ళాడు. కంటికి ఆనించాడు, దూరం పెట్టాడు, ఏటవాలుగా వంచాడు. ఎంతసేపటికో పాలలాంటి మసకలో ఒక బూడిదరంగు గీత కదిలింది. పెన్సిలు రాత వేలికి తగలదు. ఒక్క అంగలో లోపలికొచ్చి పొయ్యిలో చెయ్యి పెట్టేశాడు. మొదటి రెండు గుప్పిళ్ళూ అప్పటికే నుసి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అతనికి ఆ క్షణాన తెలిసింది.

పైడితల్లి అతని వేళ్ళను నీళ్ళ చెంబులో ముంచుతూండగానే అరుగు మీద కిర్రుచెప్పుల చప్పుడైంది. మునసబు కోర్టు గుమస్తా వేంకటరమణమూర్తిగారు, పనికి వెళ్తూ ఆగారు.

"దాసూ, పుస్తకం అయిందా?"

దాసు కాలిన చెయ్యి వెనక్కి పెట్టుకుని నవ్వాడు. "అట్టొకటే మిగిలింది బాబూ. రేపటికి..."

"రేపు కాదు, సాయంత్రానికి కావాలి. అమ్మ పరిస్థితి బాగులేదు. ఇవాళో రేపో అన్నారు డాక్టరుగారు. తెల్లారినప్పట్నించీ ఒకటే మాట, రాజ్యం రాసింది చదవండర్రా, వింటాను అని."

"రాజ్యమ్మగారు ఏటి రాసేరు బాబూ?"

"అంచుల మీద రాసేది కాదూ! అమ్మ చదువుతూంటే పక్కన చేరి, ప్రతిదానికీ ఏదో ఒక మాట పెన్సిలుతో గిలికేది. శారద ఏటి కథ పక్కన రాసిందే అమ్మకి కావాలి. అదేమిటో నేనెప్పుడూ చదవనేలేదు దాసూ, చూడు, ఇంట్లోనే ఉందికదా అని." మూర్తిగారి చెప్పులు ఒకసారి కిర్రుమని ఆగాయి. "దాని చేతిరాత ఇంకెక్కడా లేదు. పలకల మీద రాసింది పలకల మీదే పోయింది."

రాజ్యం మూర్తిగారి చెల్లెలు. పద్నాలుగో ఏట టైఫాయిడ్‌తో పోయింది. దాసు చేత్తో బైండు చేసి ఇచ్చిన ఆ తెల్లటి అంచుల మీదే, ఆ తరువాతి రెండేళ్ళూ ఆ పిల్ల రాసుకుంది. ఇప్పుడు వాటిని దాసే కోశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"దీపాలేళకి అట్టుకొస్తాను బాబూ."

చెప్పుల చప్పుడు దూరమయ్యాక పైడితల్లి అంది, "సెప్పీలేకపోనావా? కళ్ళు కనబళ్ళేదు, కోసీసేనని సెప్పీ."

"సెప్తే రేపట్నించి ఏటి తింటామే? ముందు ముక్కలు సూడు. ఉన్నాయేమో సూడు."

తలుపు దగ్గరగా వేసి, వాకిట్లోంచి ఎండ పడేచోట చాప పరిచారు. బుట్ట బోర్లించారు. నూట నలభై కాగితాల అంచులు, ఊడ్చి బుట్టకెత్తడంలో కలగాపులగమై ఉన్నాయి. ఇద్దరూ ఒక పద్ధతి పట్టారు. పైడితల్లి చదవలేదు, దాసు చూడలేడు; కాబట్టి చదువుతో పనిలేదు, మరకలతోనే పని. పేజీ చివర పసుపు వేలిముద్ర సగముంటే తక్కిన సగం ఏదో పీలిక మీద ఉండి తీరాలి. ఆవిడ దొరకబుచ్చుకుంటుంది, అతను పలచటి కాగితానికి జిగురు రాసి అతుకుతాడు. అతుకు కూడా వేలితోనే తెలుసుకుంటాడు, గోటికి మెట్టు తగలకూడదు. కాలిన వేళ్ళకు జిగురు వేడి తగిలినప్పుడల్లా పళ్ళు బిగించాడు.

"ఇదిగో, పసుపు. ఇది లాలిపాట కాడిదేమో, పేజీ నిండా ముద్దరలే."

"ఇలాగియ్యి. ఇంకోటి సూడు."

"ఈ గుంటపిల్ల ఎన్ని రాసిందయ్యా! సీమల బారు లాగున్నాది."

మిట్టమధ్యాహ్నం దాటింది. గంజి అలాగే ఉండిపోయింది. కోర్టు బంట్రోతు రికార్డుల కట్ట తెచ్చి అరుగు మీద పడేసి కేకేస్తే, దాసు లేవకుండానే "సరే" అన్నాడు. ముప్పై అయిదేళ్ళలో కోర్టు పనికి లేచి నిలబడకపోవడం అదే మొదలు. ఎండ చాప దాటి గోడెక్కుతోంది. ఎండ పోతే పైడితల్లి కళ్ళు కూడా పనికిరావు. అతనికి ఏడుపొచ్చింది. మనుషులు పోయినా మాటలుంటాయని ఆ పుస్తకం చూసే అతను నమ్మాడు, ఆ మాటల్నే కత్తితో చెక్కేశాడు.

"బండి బొమ్మున్న పేజీ తియ్యి ముందు," అన్నాడు. "అది దొరికితే సాలు."

పేజీ దొరికింది. చక్రాలు పైకీ ఎద్దులు పక్కకీ. దాని అంచు దగ్గర అరచేతంత నూనె మరక, కత్తికి సరిగ్గా నడిమికి తెగింది. నూనె మరక ఉన్న పీలిక కావాలి. పైడితల్లి ఒక్కొక్కటే ఎండకెత్తి చూసింది. బుట్ట అడుగు చూసింది, పొయ్యి చుట్టూ చూసింది, చీపురు ఈనెల్లో చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. తరువాత చాప మీద కూలబడింది.

"లేదయ్యా."

"సరిగ్గా సూడు."

"నూనె కాయితం వేగిరం అంటుకుంటాదని ఏరి ఏరి ముందు అవే ఏసేను." చెంగు నోట్లో కుక్కుకుంది. "నా సేతుల్తో నానే ఏసేను."

దాసు ఆవిడ వీపు మీద చెయ్యి వేసి, "కోసినోణ్ణి నాను. నువ్వు ఏడవకు," అన్నాడు. లేచి, అలాంటి పాతకాగితమే ఒక ముక్క వెతికి, ఆ పేజీకి కొత్త అంచు అతికాడు. అతుకు బ్రహ్మాండంగా కుదిరింది. గోటికి మెట్టు తగల్లేదు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు, అంత పనికిమాలిన పనీ ఎప్పుడూ చెయ్యలేదు.

దీపాలవేళకు అట్ట ఇంకా తడిగానే ఉంది. పంచెలో చుట్టి గుండెకు ఆనించుకుని బయలుదేరాడు. గుడి వీధిలో అడుగులు అతనికి లెక్కే. మూర్తిగారింటి హాల్లో కర్పూరం, కషాయం కలిసిన వాసన. మంచం మీద మూర్తిగారి తల్లి కనకమహాలక్ష్మమ్మగారి ఊపిరి గురగురమంటోంది. కోడలు వరహాలక్ష్మి దీపం దగ్గరికి జరిపింది.

"వచ్చేడమ్మా దాసు. పుస్తకం తెచ్చేడు," అన్నారు మూర్తిగారు. పేజీలు తిప్పుతున్న చప్పుడు దాసుకు వినబడింది. తిప్పడం ఆగింది. "దాసూ, ఏదీ? ఇక్కడేం లేదేం?"

నవ్వడానికి ముఖం లేవలేదు. "కోసీసేను బాబూ."

"ఏమిటీ?"

"అంచు కోసీసేను. రాతలు కనబళ్ళేదు. నాకు కళ్ళు అగుపించవు బాబూ, ఏడాదైంది. ఎవరికీ సెప్పలేదు. దొరికినకాడికి అతికేను. అది పొయ్యిలో పోనాది."

"ఓరి దుర్మార్గుడా!" మూర్తిగారు పెద్దగా అరవలేదు, అరిచే శక్తి ఆయనకు లేకపోయింది. "ఆవిడ అడిగింది అదొక్కటేరా. ఇన్నేళ్ళల్లో అదొక్కటే అడిగింది."

దాసు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఇంకో నాలుగు తిడితే బాగుండును, కొడితే ఇంకా బాగుండును. మంచం మీద గురగుర కాస్త నెమ్మదించింది.

"ఎంత కోసేవురా?" అంది ముసలావిడ.

"బొటనేలంత, అమ్మగారూ."

"దాని చేతిరాతంతా అంతే ఉండేది." చాలాసేపు ఊపిరి తీసుకుంది. "నాకు మాటలు గుర్తున్నాయి. దాని రాత మీద చెయ్యి వేసుకుని వింటే బాగుండునని. మూర్తీ, దాసుకి పెన్సిలియ్యి."

"వాడికి కనబడదమ్మా. నేను రాస్తాను."

"కోసినవాడే రాయాలి. నాకు మాత్రం కనిపిస్తోందా ఏమిటి? ఒరే, నేను చెప్తాను. రాయి."

వరహాలక్ష్మి పెన్సిలు తెచ్చి అతని కాలిన వేళ్ళ మధ్య పెట్టింది. మూర్తిగారు పుస్తకం అతని ఒళ్ళో పెట్టి, ఎడమచేతి వేలిని ఖాళీ అంచు మొదట్లో ఆనించారు. ఆ వేలి పక్కనుంచే, వేలు జరుపుకుంటూ, దాసు రాశాడు. ముసలావిడ ఒక్కొక్క మాటే, తన గొంతుతో కాదు, ఎవరో చిన్నపిల్ల గొంతు గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పింది.

"ముత్తవ్వ... జాడీ... వదల్లేదు."

రాశాడు.

"నేనైతే..."

రాశాడు. ఐత్వం మీద పెన్సిలు కాస్త జారింది, సర్దుకున్నాడు. వేలు ముందుకు జరిపి, ఆ తరువాత మాట కోసం చెవి ఒగ్గాడు. దీపం వత్తి చిటపటమంది. ఆవిడ గుర్తుచేసుకుంటోంది కాబోలు అనుకున్నాడు. తొందరపెట్టకూడదు. మంచానికేసి ముఖం తిప్పి, ఏ సంగతీ తెలియని మనిషి ఎలా నవ్వుతాడో అలా కాస్త నవ్వి, మెల్లగా అడిగాడు.

"తరవాత ఏటమ్మగారూ?"

పెన్సిలు అంచుకు ఆనించే ఉంచాడు.

"నేనైతే దాకా రాసేను అమ్మగారూ. తరవాత?"

మూర్తిగారు వంగి అతని చేతిలోంచి పెన్సిలు తీసుకున్నారు. అప్పుడు వరహాలక్ష్మి ఏడుపు వినబడింది, గురగుర వినబడటం లేదని దాసుకు అప్పుడు తెలిసింది. అతను పుస్తకం నేల మీదికి దించి లేచి, గోడ తడుముకుంటూ వీధిలోకి నడిచాడు. ఎదురొచ్చిన వాళ్ళెవరికీ నవ్వలేదు.

ఇంట్లో అందరూ మంచం చుట్టూ చేరారు. తెరిచిన పుస్తకం నేల మీదే ఉండిపోయింది. 'నేనైతే' తరువాతి ఖాళీ అంచు మీద పెన్సిలు అడ్డంగా పడి ఉంది.