నూకుడు లేని స్క్రమ్

రోజూ పొద్దున ఆరింటికి నా కూతురు రచన నా ముందు మోకాళ్ల మీద కూర్చుని తల ముందుకు పెట్టేది. నేను మెట్టు మీద కూర్చుని, అరచెయ్యి దాని నుదుటికి ఆనించి వెనక్కి నెట్టాలి. అది కదలకుండా ఎదురు నెట్టాలి. మెడ గట్టిపడటానికి కోచ్ కృపాకర్ సారు చెప్పిన కసరత్తు. మొదట్లో పది లెక్కపెట్టేసరికే దాని తల వణికేది. మూడు నెలలయ్యాక ఇరవై లెక్కపెట్టినా కదిలేది కాదు, నా మణికట్టే వెనక్కి వంగిపోయేది.

"జర జోరుగ నూకమ్మా! చపాతి పిండి ఒత్తుతున్నవా?" అని నవ్వేది.

నేను జోరుగా నెట్టలేకపోయేదాన్ని. మెడ అంటేనే నాకు భయం. మా అన్న సోమనర్సయ్య మక్కల బస్తా దించుతూ లారీ మీద నుంచి పడ్డాడు. దుమ్ము దులుపుకుని లేచాడు, చాయ్ కూడా తాగాడు. సాయంత్రానికి చేతులకు తిమ్మిర్లు వస్తున్నాయన్నాడు. తెల్లారేసరికి లేవలేకపోయాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు మెడకు పట్టీతో పైకప్పు దూలాలు చూస్తూ బతికాడు. తొమ్మిదేళ్లూ ఆ నోట్లో చెంచాతో గంజి పోసింది నేనే. నేను చదివింది ఏడో తరగతే కానీ, మెడ పోతే మనిషి ఎట్లా పోతాడో నాకు ఏ డాక్టరూ చెప్పనక్కర లేదు.

రచన పుట్టినప్పటి నుంచీ బొద్దు. బడిలో దాన్ని 'బస్తా' అనేవారు. మరిపెడ బస్సులో కండక్టరు ఒకసారి రెండు టికెట్లు కొట్టనా అని అడిగితే బస్సంతా నవ్వింది. అది కూడా నవ్వి, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. అట్లాంటి పిల్ల డిగ్రీలో చేరాక ఒకరోజు ఎగురుకుంటూ వచ్చింది.

"అమ్మా, నా అసొంటోళ్లే కావాల్నంట! ఎంత బరువుంటె గంత మంచిదంట!"

ఆ ఆట రగ్బీ. కోడిగుడ్డు ఆకారం బంతి. మధ్యలో ఆట ఆగితే రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది ఎడ్లు తలలు కలిపినట్టు వంగి, ఒకరి భుజాల్లో ఒకరు తలలు దూర్చి, నడుమ వేసిన బంతి కోసం నెట్టుకుంటారు. దాన్ని స్క్రమ్ అంటారు. అందులో ముందు వరుస ముగ్గురి మెడల మీదే భారమంతా. మా పిల్ల ఆ ముందు వరుసలో, ఎడమ చివర.

మ్యాచ్ రేపనగా సాయంత్రం కృపాకర్ సారు ముందు వరుస ముగ్గురినీ మా ఇంటికే తీసుకొచ్చారు. మహబూబాబాద్‌లో మా ఆయన వెంకట్రాజం కిరాణా కొట్టు వెనకే మా ఇల్లు. హాలు పెద్దది. ఎడమ చివర ఆడే రచన, నడుమ ఆడే రాజీ, కుడి చివర భాగ్య గోడకు చేరగిలి కూర్చున్నారు. మర్నాడు జనగామ మైదానంలో భూపాలపల్లి క్లబ్బుతో ఆట.

సారు నా వంటింట్లోంచి స్టీలు గ్లాసులు తెప్పించి నేల మీద ఎదురెదురుగా పేర్చారు.

"గిది భూపాలపల్లి పిల్ల. నెత్తికి నల్ల బ్యాండు కట్టుకుంటది" అని రచన గ్లాసుకు ఎదురున్న గ్లాసును పట్టుకున్నారు. "సీదా నూకది. గిట్ల వంకరగ లోపలికొచ్చి నడుమున్న రాజీ పక్కటెముకలల్ల నెత్తి గుచ్చుతది. రూల్ ప్రకారం తప్పు. కని రెఫరీ అవుతలి దిక్కు నిలబడ్డప్పుడే చేస్తది."

"అయితే మనం గూడ గుచ్చుదాం సార్" అంది రాజీ. "లేకుంటె అందరం ఒక్కసారే మోకాళ్లు వదిలేద్దాం. మొత్తం కూలుతది. దాని నల్ల బ్యాండు మట్టిల కలుస్తది."

"కూలగొడితే మనకే పెనాల్టీ. అది పోనీ. వెనక నూకెటోళ్ల బరువంత ముందు వరుస మెడల మీద వడ్తది. ఓడుడు గెలుసుడు రెండు దినాల ముచ్చట బిడ్డా, మెడ ఒక్కటే ఉంటది."

చాయ్ పట్టుకొచ్చిన నేను గడపలోనే ఆగిపోయాను.

"మరి నన్నేం చెయ్యమంటరు?" అంది రచన.

"నువ్వు సీదా ఉండు. భుజాలు నడుము కన్న కిందికి పోవద్దు. ఆమె చెయ్యి కాదు, అంగీ పట్టుకోవాలె. నువ్వు సీదాగుంటె ఆమె వంకర కండ్లవడ్తది. నువ్వు గూడ వంకరైతె ఎవలు ముందు వంకరైన్రో ఎవ్వలికి తెల్వదు." సారు నా వైపు తిరిగారు. "మెడ కసరత్తు రోజు చేస్తున్నదా అక్కా?"

"మా అమ్మనే అడుగుండ్రి సార్. మా అమ్మ పరేషాన్ అయితది గని అబద్ధమాడదు" అంది రచన.

"చేస్తున్నది సారూ. నా చెయ్యే నొస్తున్నది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మెల్లగా అడిగాను. "సారూ, ఆట నడుమ ఒకలకు మెడ నొస్తే ఏం జేస్తరు?"

"మెడ అన్న మాట ఇనవడితె చాలు, రెఫరీ ఒక్క నిమిషం ఉంచదు. బయటికే. ముందు వరుసల నేర్సుకున్నోళ్లు తప్ప వేరేటోళ్లు నిలబడొద్దు. మనకు నాలుగో పిల్ల లేదు. అప్పుడు నూకుడు లేని స్క్రమ్ పెడ్తరు. ఊకె ఆనుకొని నిలబడుడే. బంతి ఏసినోళ్లదే బంతి. పైంగ మనకు ఒక మనిషి తక్కువ."

"అట్లయితే ఎవలకూ దెబ్బ తగలదా?"

"గా స్క్రమ్ మా నాయనమ్మ గూడ ఆడ్తది ఆంటీ!" అంది రాజీ.

ఆ మాటను నేను కొంగుకు ముడేసుకున్నాను. ఆ తర్వాత సారు చెప్పిన మాట కూడా విన్నాను, విననట్టు ఉన్నాను. హైదరాబాద్ నుంచి సెలెక్టర్ మేడం వస్తోందట. రాష్ట్ర క్యాంపుకు భూపాలపల్లి, మా మహబూబాబాద్ క్లబ్బుల నుంచి ముందు వరుస పిల్ల ఒక్కతే కావాలట. నల్ల బ్యాండు అమ్మాయో, మా రచనో. ఈ ఒక్క మ్యాచే చూస్తుందట. అది విన్నప్పుడు రచన చెయ్యి చాయ్ గ్లాసు చుట్టూ బిగుసుకోవడం చూశాను. చిన్నప్పటి నుంచీ ఎవరూ ఏ వరుసలోనూ ముందు నిలబెట్టని పిల్ల అది.

పొద్దున రైల్లో పిల్లలంతా పాటలు, అరుపులు. రచన నా పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూ మెడ అటూ ఇటూ తిప్పుకుంటోంది. నేను కురవి వీరభద్రస్వామికి మొక్కుకుంటూనే ఉన్నాను. మొక్కులో కూడా 'మెడకు దెబ్బ తగలనీయకు స్వామీ' అనలేకపోయాను. కీడు నోటితో పలకడం నాకు చేతకాదు. పలికితే జరుగుతుందని భయం. 'చల్లగా చూడు' అనుకుంటూ జనగామ వరకూ వచ్చాను.

ఆట మొదలైంది. నాకు స్క్రమ్ ఒక్కటే తెలుసు కనుక దాని మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మొదటిసారి తలలు కలిసినప్పుడు 'ధబ్' మన్న చప్పుడు నా గుండెలో వినిపించింది. రచన వీపు బల్లలా నిలిచింది. మా వాళ్లు రెండడుగులు ముందుకు జరిగారు. రెండోసారి నల్ల బ్యాండు అమ్మాయి లోపలికి గుచ్చింది. రచన కదల్లేదు. సారు గ్లాసులతో చూపించినట్టే ఆ అమ్మాయి నడుము బయటికి తిరిగిపోయింది, రెఫరీ ఈల వేసి చెయ్యి మా వైపు ఎత్తింది. పెనాల్టీ మాకు. టోపీ పెట్టుకున్న సెలెక్టర్ మేడం పుస్తకంలో ఏదో రాసుకుంది. "రచన! రచన!" అని మా పిల్లలు అరిచారు. నా బిడ్డ పేరు అంతమంది అట్లా అరవడం నేనెప్పుడూ వినలేదు.

మూడోసారి స్క్రమ్ కూలింది.

ఎవరి తప్పో నాకు తెలియదు. రచన తల ఆ కుప్ప కింద కనబడకుండా పోయింది. నేను లెక్కపెట్టాను, పొద్దున కసరత్తులో లెక్కపెట్టినట్టే. పదకొండు దగ్గర అది లేచింది. నోట్లో గడ్డి ఉమ్మేసింది. నా వైపు చూసి నవ్వింది. నవ్వుతూనే ఒక్కసారి చేత్తో మెడ వెనక రుద్దుకుంది.

ఒక్కసారే. మట్టి దులుపుకున్నదేమో. కానీ నాకు దుమ్ము దులుపుకుని లేచి చాయ్ తాగిన మా అన్నే కనిపించాడు.

సగం ఆటకు విరామం ఇచ్చారు. మా వాళ్లు ముందున్నారు. పిల్లలు నీళ్లు తాగుతుంటే నేను లేచి సరాసరి రెఫరీ దగ్గరికి వెళ్లాను. ఆమె వరంగల్ నుంచి వచ్చిన చిన్నవయసు మనిషి.

"మేడం, ఎడమ చివర పిల్ల నా బిడ్డ. మొన్న బాత్‌రూంల జారి పడ్డది. మెడ పట్టింది. చేతులకు తిమ్మిర్లు వస్తున్నయంట. ఆట కోసమని దాస్తున్నది."

కీడు పలకలేని నోరు ఎంత చక్కగా పలికిందో! తిమ్మిర్లన్న మాట కూడా మరిచిపోలేదు. ఆ మాట విన్నాక ఎవరూ ఆడనివ్వరని నాకు తెలుసు. ఒక్క మాటతో నూకుడు ఆగిపోతుంది. నా బిడ్డ మెడే కాదు, ముగ్గురి మెడలూ దక్కుతాయి అనుకున్నాను. అబద్ధమని తెలిసే ఆడాను.

రెఫరీ ముఖం మారిపోయింది. రచనను పిలిచింది. కృపాకర్ సారు పరుగెత్తుకొచ్చారు. వెనకే సెలెక్టర్ మేడం కూడా వచ్చి నిలబడింది.

"చేతులకు తిమ్మిర్లు వస్తున్నయా? మీ అమ్మ చెప్పింది నిజమేనా?" అని రెఫరీ అడిగింది.

రచన నా ముఖంలోకి చూసింది. మొదట అర్థం కాలేదు దానికి. తర్వాత అర్థమైంది. లేదు అంటే చాలు. కానీ ఆ ఒక్క మాటతో అంతమంది ముందు నేను అబద్ధాలకోరునవుతాను. 'లేదని చెప్పు బిడ్డా' అని ఒక మనసు, 'చెప్పకు' అని ఒక మనసు.

అది తల దించుకుంది.

"మా అమ్మ అబద్ధమాడదు మేడం" అంది.

అక్కడే దాన్ని పడుకోబెట్టి మెడకు పట్టీ వేశారు. తెల్లటి గట్టి పట్టీ. మా అన్నకు వేసినట్టిదే. ఏది చూడకూడదని ఇన్నాళ్లు మొక్కానో అది నా బిడ్డ మెడకు నేనే వేయించాను. ఆస్పత్రికి వెళ్లే బండి వచ్చేదాకా మైదానం గీత బయట కుర్చీలో కూర్చోబెట్టారు. పట్టీ వల్ల అది తల తిప్పలేదు. ఎదురుగా జరిగేదంతా చూడాల్సిందే.

మా వాళ్లు ఒక మనిషి తక్కువగా, పద్నాలుగు మందితో ఆడారు. స్క్రమ్ వచ్చినప్పుడల్లా రెండు జట్లూ ఊరికే ఆనుకుని నిలబడి విడిపోయాయి. చప్పుడు లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఖాళీ అయిన మనిషి జాగాలోంచి భూపాలపల్లి వాళ్లు ఒకటి, రెండు, మూడు సార్లు పరుగెత్తుకుంటూ వెళ్లిపోయారు. ఆట ముగిసేసరికి రాజీ మైదానం నడుమ కూలబడి మోకాళ్లలో ముఖం పెట్టుకుంది.

నల్ల బ్యాండు అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. దగ్గరగా చూస్తే చిన్న పిల్ల. ఏడుస్తోంది.

"నేనే వంకరగ నూకిన అక్కా. నా వల్లనే అయ్యిందా? మల్ల ఎప్పుడు చెయ్య, ఒట్టు."

"నీ వల్ల కాదు చెల్లె" అంది రచన, తల తిప్పలేక ఎదురుగా చూస్తూనే. "నువ్వు మంచిగ ఆడినవ్. క్యాంపుకు పో."

నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్ల ఏడుపు నేనొక్క మాట చెప్తే ఆగిపోయేది. చెప్పలేదు.

జనగామలోనే ఒక ఆస్పత్రిలో ఫొటోలు తీశారు. డాక్టరు వాటిని వెలుతురుకు పెట్టి చూసి, "ఏం లేదమ్మా, మెడ ఇనుప కడ్డీలెక్కున్నది" అని పట్టీ విప్పేశాడు. ఏం లేదన్న మాట కోసం మా అన్న మంచం దగ్గర తొమ్మిదేళ్లు ఎదురు చూశాను. అది ఇప్పుడు విన్నాను. గోడ వైపు తిరిగి ఏడ్చాను.

బయట వరండాలో కృపాకర్ సారుకు నిజం చెప్పేశాను. మేడంకు నేనే చెప్తాను, కాళ్లు పట్టుకుంటాను అన్నాను.

"ఏమని చెప్తవక్కా? నువ్వు అబద్ధమాడినవంటె, పిల్ల గూడ ఆడినట్టే గద. అవునన్నది గద అది. మెడ సంగతిల అబద్ధమాడిన పిల్లను ఏ సెలెక్టరు తీసుకుంటది? ఇడిసిపెట్టు. ఆ పిల్ల నీ మాట నిలబెట్టింది. ఆ మాటనన్న నిలబడనియ్యి."

తిరుగు రైల్లో నా కూతురు నాకు సీటు ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది. "తిన్నవా అమ్మా?" అని అడిగింది. ఒక్క మాట కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

క్యాంపుకు భూపాలపల్లి పిల్ల పేరు వచ్చింది. రచన ఆట మానేస్తానని కూడా అనలేదు. కాలేజీకి పోతోంది, కొట్లో వాళ్ల నాన్నకు సాయం చేస్తోంది. ఆట బూట్లు మాత్రం మట్టితోనే మంచం కింద ఉన్నాయి.

నాలుగు రోజులు చూసి, ఐదో రోజు పొద్దున ఆరింటికి నేనే మెట్టు మీద కూర్చుని పిలిచాను.

"రా బిడ్డా, కసరత్తు చేద్దాం. జోరుగ నూకుత ఇయ్యాల."

వచ్చింది. ఎప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చుని తల ముందుకు పెట్టింది. అరచెయ్యి దాని నుదుటికి ఆనించి ఒకటి అన్నాను. రెండు అన్నాను. నా చేతికి ఎదురు ఏమీ తగల్లేదు. నేను ఎటు నెడితే దాని తల అటు మెత్తగా పోయింది.

మూడు అనకుండానే చెయ్యి తీసేశాను.