ఆదెమ్మ పేరున్న పుట

నేను ఒక బౌండు పుస్తకాన్ని. నాలుగు వందల పుటలు, ఎర్ర ఖరువా గుడ్డ వీపు, మూలలకు తోలు. 1979 వేసవిలో బరంపురంలో రహిమాన్ సాయిబు అనే బైండరు నన్ను కుట్టాడు. జిగురులో మైలుతుత్తం కలిపి నా అట్టలకు దట్టంగా పూశాడు. "పురుగు ముట్టదు మాస్టారూ. మనుషుల సంగతే నాకు తెలీదు" అంటూ, కొనడానికి వచ్చిన పేడాడ పరశురాం మాస్టారి చేతిలో పెట్టాడు.

మాస్టారు అంతకుముందు ఏడాదే హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పిల్లల ఎడ్మిషన్ రిజిస్టర్లు ముప్పై ఏళ్లు రాసిన చెయ్యి ఊరికే ఉండలేకపోయింది. నలుగురు స్నేహితులను పోగుచేసి, టెక్కలి గ్రంథాలయం వెనక గదిలో వంశావళి సంఘం పెట్టారు. ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిదికి గది తెరిచేవారు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వచ్చి తాత, ముత్తాత, వాళ్ల అన్నదమ్ములు, ఎవరు ఏ ఊరు వలసపోయారో చెప్పేవాళ్లు. మాస్టారు నాలో గళ్లు గీసి రాసేవారు. మిగతా రోజుల్లో సంఘం వాళ్లు పాత అడంగళ్లు, బడి రిజిస్టర్లు, గుడి గోడల మీద దాతల పేర్లు, ట్రంకుపెట్టెల అడుగున పడివున్న బర్మా పాసులు వెతికి నకళ్లు తెచ్చేవారు. ఆ నకళ్ల కట్టలు నా పక్కనే బీరువాలో ఉండేవి.

మనుషుల గురించి నేను నేర్చుకున్నదంతా ఆ గదిలోనే. తాతల్లో ఒక దివానుగారిని ఇరికించమని బతిమాలినవాళ్లున్నారు. జైలుకెళ్లిన బాబాయిని తీసెయ్యమని అడిగినవాళ్లున్నారు. ఏడు తరాల మగవాళ్ల పేర్లు గడగడా చెప్పినాయన, తన నాయనమ్మ పేరేమిటని అడిగితే తల గోక్కుని, "మామ్మేనండి" అనేవాడు. మాస్టారు అక్కడ చిన్న గీత గీసేవారు. నాలో అలాంటి గీతలు చాలా ఉన్నాయి.

సంఘానికి ఒక నియమం ఉండేది. రాసిన మాట మార్చాలంటే, ఆ మాట చెప్పినవాళ్లే స్వయంగా వచ్చి కొట్టేయించాలి. ఎందుకు కొట్టించారో కారణం పక్కన రాసి సంతకం పెట్టాలి. కారణం రాయాలనేసరికి చాలామంది లేచి వెళ్లిపోయేవారు.

1981లో రాయివలస నుంచి మడ్డు దానేసు అనే ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. భార్య పోయింది, పిల్లలు లేరు. తండ్రి రంగూన్లో సంపాను పడవ నడిపేవాడనీ, తాను అక్కడే పుట్టాననీ చెప్పాడు. తల్లి పేరు అడిగితే తడుముకోకుండా "దాలమ్మ" అన్నాడు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు తండ్రి పోయాడు. తల్లి, తను, చెల్లెలు జనంతో కలిసి కాలినడకన ఇండియాకు బయలుదేరారు. ప్రోము ఊరు దాటాక కొండదారిలో తల్లి కలరాతో పోయింది.

"చెల్లెలు?" అని మాస్టారు అడిగారు.

దానేసు కిటికీ వైపు చూశాడు. "అదీ దార్లోనే పోయింది బాబూ. రాసీండి."

రెండు వందల పన్నెండో పుటలో మాస్టారు రాశారు: ఆదెమ్మ. 1937లో పుట్టింది. 1942లో చనిపోయింది. దానేసు సంతకం పెట్టి, చేసేదేమీ లేకపోయినా ఇంకొంచెంసేపు కూర్చుని వెళ్లాడు.

ఆరేళ్ల తర్వాత ఒక ఆదివారం గౌరమ్మ వచ్చింది. పలాస జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే మనిషి. జీడి నూనెకు కాలి కాలి ఆమె వేళ్లు నల్లబడిపోయాయి. చెప్పినదాని కింద మాస్టారు వేలిముద్ర వేయిస్తే కాగితం మీద గీతల్లేని మచ్చ మాత్రం పడింది. ఆమె దాన్నే చూస్తూ, "నా యేలికీ ఊరూ పేరూ నేదు, నాలాగే" అంది.

ఆమె కథ చిన్నది. బర్మా నుంచి నడిచొస్తున్న జనంలో అయిదేళ్ల పిల్ల దారి పక్క విరిగిన బండి మీద ఒంటరిగా కూర్చుని కనిపిస్తే, పలాస దంపతులు ఎత్తుకుని తెచ్చారు. గౌరమ్మ అని పేరు పెట్టి పెంచి, పెళ్లి చేశారు. వాళ్లిద్దరూ పోయాక, తన వాళ్లెవరో తెలుసుకోవాలని ఆమెకు పుట్టింది.

"ఏం గుర్తుందమ్మా?" అన్నారు మాస్టారు.

"బుల్లీ అని పిలిసీవోరు. నాయిన పడవ నడిపీవోడు. అమ్మని ఆడోలందరూ దాలమ్మా, దాలమ్మా అనీవోరు. అమ్మ దార్లో సచ్చిపోయింది. అన్న నన్ను ఈపు మీద మోసీవోడు. బండి మీద కూకోబెట్టి, నీల్లు తెస్తాను, కదలకని ఎల్లినాడు. మరి రానేదు. ఆ కొండల్లో నీల్లకోసమెల్లి ఏటైపోనాడో. నాకోసం సచ్చిపోనాడు బాబూ. ఆడి పేరైనా తెలిస్తే బాగుణ్ను."

ఏటా ఎండాకాలం బట్టీ గేటు దగ్గర రెండు కుండలు పెట్టి, దారిన పోయేవాళ్లకు అన్న పేరు మీద నీళ్లు పోస్తానని కూడా చెప్పింది. పేరు తెలియని అన్న పేరు మీద.

సంఘం సూచిక అంతా ఇంటిపేర్లతో, మగవాళ్ల పేర్లతో ఉంది. గౌరమ్మకు తెలిసింది ఒక ఆడమనిషి పేరు. నాలాంటి పుస్తకాలు అప్పటికే పదకొండు. మాస్టారు రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, మా అందరినీ మొదటి పుట నుంచి చదువుతూ ఆడవాళ్ల పేర్లకు వేరే సూచిక రాయడం మొదలుపెట్టారు. అప్పటికే ఆయనకు ఒక కంట్లో శుక్లం. ఆ పని రెండేళ్లు పట్టింది. ఈలోగా గౌరమ్మ నెలకో ఆదివారం పలాస నుంచి బస్సులో వచ్చి, బెంచీ చివర కూర్చుని, "ఏటైనా తెలిసిందా మాస్టారూ?" అని అడిగేది. నేను ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉండేవాణ్ని.

1989లో మాస్టారి వేలు రెండు వందల పన్నెండో పుట మీద ఆగింది. దాలమ్మ, సంపాను, కొండదారి, అయిదేళ్ల ఆడపిల్ల. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. వెంటనే గౌరమ్మకు చెప్పలేదు. ఒట్టి ఆశ పెట్టకూడదనుకున్నారు. ముందు దానేసును రమ్మని కార్డు రాశారు.

దానేసు వచ్చాడు. మాస్టారు గౌరమ్మ చెప్పినదంతా అతనికి చదివి వినిపించారు. విరిగిన బండి దగ్గరికి వచ్చేసరికి దానేసు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"బతికుందా?"

"బతికే ఉంది. పలాసలో. కూతురు, మనవలు."

దానేసు తల వంచుకుని చెప్పాడు. "నాను నీల్లకి ఎల్నేదు మాస్టారూ. నాలుగురోజులు మోసినాను. నాకు పదమూడేల్లు. ఈపు మీద పిల్లతో అడుగు పడతనేదు. జనం ముందుకెల్లిపోతన్నారు. నీల్లని సెప్పి, దింపీసి, ఎనక్కి సూడకుండా ఎల్లిపోనాను. అదేడుస్తాదేమోనని సెవులు మూసుకున్నాను. అదేడవనేదు. నీల్లొస్తాయనుకుంది గావాల."

ఎవరైనా అడిగితే చచ్చిపోయిందనే చెప్పాననీ, చెప్పీ చెప్పీ అదే నిజమనుకున్నాననీ, పెద్దలకు పెట్టే రోజున దానికీ ఓ ఆకు వేస్తున్నాననీ అన్నాడు.

"ఆమె నిన్ను తప్పుపట్టడం లేదు దానేసూ. నువ్వు తనకోసం చచ్చిపోయావనుకుంటోంది" అన్నారు మాస్టారు.

"అదేనండి. సచ్చిపోయిన అన్న మంచోడు. ఆడి పేరు సెప్పుకుని ఇన్నాల్లు బతికింది. ఇప్పుడు నానెల్లి నించుంటే ఏటడుగుద్ది? నీల్లేవిరా అనడుగుద్ది." మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ నోటెంట ఈ మాట రాకూడదు. ఒట్టెయ్యండి."

మాస్టారు ఒట్టు వేశారు. ముప్పై ఏళ్లు పిల్లలకు నిజం చెప్పమని నేర్పిన మనిషి ఆ తర్వాత రెండేళ్లపాటు, నెలకో ఆదివారం, "ఇంకా వెతుకుతున్నానమ్మా" అని గౌరమ్మతో అంటూ వచ్చారు. ఆమె వచ్చినప్పుడు నన్ను బల్ల మీద ఉంచేవారు కాదు. ఆమెకు చదవడం రాదు. అయినా బీరువాలో పెట్టి తలుపు వేసేవారు. మధ్యలో మూడుసార్లు రాయివలస వెళ్లి దానేసును అడిగారు. మూడుసార్లూ అతను తల అడ్డంగా ఊపాడు. నాలుగోసారి మాత్రం, "సంక్రాంతెల్లాక సూద్దారి" అన్నాడట. మాస్టారు ఆ ఆదివారం ఎంతో హుషారుగా కనిపించారు.

సంక్రాంతి వెళ్లింది. మాఘమాసంలో ఒక ఆదివారం గౌరమ్మకు బదులు ఆమె కూతురు ఈశ్వరి వచ్చింది. ఆమె కూడా బట్టీలోనే పని. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"అమ్మ పోయింది మాస్టారూ. పదకొండు రోజులైంది. ఊపిరందనేదు. బట్టీ పొగకి అందరికీ అలాగే అవుతాది. మీరు పాపం ఇంకా ఎతుకుతుంటారని, ఇంక ఎతకొద్దని సెప్పిపోదారని వచ్చినాను."

ఆ అమ్మాయి వెళ్లిపోయాక మాస్టారు ఆ రోజు పని ఆపి గది మూసేశారు. మర్నాడు రాయివలస వెళ్లి దానేసుకు చెప్పారు.

తర్వాతి ఆదివారం గది తెరవకముందే దానేసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఆ మాట కొట్టీండి. నాను సెప్పిన అబద్ధం నానే కొట్టిస్తాను" అన్నాడు.

మాస్టారు నన్ను బల్ల మీద పరిచి పుట తీశారు. కలం మూత తీసి, రాయకుండా ఆగిపోయారు. "చనిపోయింది అన్న మాట ఇప్పుడు కొట్టక్కర్లేదు దానేసూ" అన్నారు మెల్లగా. "సంవత్సరం మార్చాలి. అంతే."

1942 మీద గీత పడింది. పక్కన 1991 అని రాశారు. నా నాలుగు వందల పుటల్లో అంత చిన్న దిద్దుబాటు మరొకటి లేదు. కారణం మాత్రం పెద్దది. దానేసు చెప్పగా మాస్టారు రాశారు: "నా చెల్లెలిని బతికుండగానే దారిలో వదిలేశాను. చనిపోయిందని అబద్ధం చెప్పాను. బతికి ఉందని తెలిశాక కూడా రెండేళ్లు వెళ్లలేదు." దానేసు సంతకం పెడుతుంటే ఒక కన్నీటి చుక్క పడి, ఆఖరి అక్షరం అలుక్కుపోయింది.

ఆదెమ్మ కింద ఆమె పిల్లల పేర్లు రాయాలంటే ఈశ్వరి రావాలి. ఈసారి దానేసే కబురు పెట్టమన్నాడు. వచ్చిన ఈశ్వరికి మాస్టారు ఆ పుట మొత్తం, కారణంతో సహా, చదివి వినిపించారు. ఆమె చివరిదాకా విని దానేసు వైపు తిరిగింది.

"ఈయన రెండేల్ల నించీ తెలిసీ రాయివలసలోనే ఉన్నాడా?"

"అవునమ్మా. నేనూ చెప్పలేదు. తప్పు నాది కూడా" అన్నారు మాస్టారు.

"పలాస నించి బస్సులో గంట" అంది ఈశ్వరి, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. ఆ తర్వాత అడిగింది: "అమ్మ పేరేటన్నారు?"

"ఆదెమ్మ. బుల్లీ అని పిలిసీవోలం" అన్నాడు దానేసు.

"బుల్లీ అన్నది అమ్మకి గురుతే. ఆదెమ్మని తెలీదు." ఆ పేరు ఒకసారి పైకి అని చూసుకుంది. దానేసు వంగి ఆమె కాళ్ల వైపు చేతులు చాపబోతే వెనక్కి జరిగింది. "వొద్దు. మావయ్యా అని మిమ్మల్ని పిలవనేను. నాకు నోరు రాదు." తన పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు రాయించి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

దానేసు ఆ తర్వాత నెలకో ఆదివారం రావడం మొదలుపెట్టాడు. పని ఏమీ ఉండేది కాదు. బెంచీ చివర కూర్చుని, మధ్యాహ్నం గది మూసేవేళకు లేచేవాడు. ఈశ్వరి వచ్చిందా అని ఒక్కసారి కూడా అడగలేదు.

మాస్టారి రెండో కన్ను కూడా మసకబారాక సంఘం పని నెమ్మదించింది. ఇప్పుడు నేను గ్రంథాలయంలో గాజు తలుపుల బీరువాలో ఉన్నాను. నాలో ఇంకా నలభై తెల్ల పుటలు మిగిలాయి. నాలో చివరిగా రాత పడింది 1996 శ్రావణంలో. ఆ ఆదివారం ఈశ్వరి గుండు కొట్టించుకున్న పెద్ద కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. మడ్డు దానేసు చనిపోయాడనీ, జ్వరమని రాయివలస వాళ్లు కబురు చేస్తే వెళ్లి తొమ్మిది రోజులు దగ్గరున్నాననీ, తలకొరివి తన కొడుకే పెట్టాడనీ చెప్పింది.

"మావయ్యా అని పిలిచావా అమ్మా ఆయన్ని?" అని మాస్టారు అడిగారు.

మాస్టారికి కళ్లు కనిపించవు కాబట్టి కలం ఈశ్వరే తీసుకుంది. రెండు వందల పన్నెండో పుటలో తేదీ వేసింది. సమాచారం ఇచ్చినవారు అన్నచోట తన పేరు రాసింది. మృతునితో సంబంధం అన్నచోట కొంచెంసేపు కలం ఆపి, కూడబలుక్కుంటూ రాసింది: మేనకోడలు.