ఐదుకి ఎనిమిది చాలలేదు

డిస్కమ్మకి కోపం ముక్కుమీదే ఉంటుంది. గుండె జబ్బుల పిల్లల ఆసుపత్రిలో కంప్యూటర్ల గది ఆవిడది. పాత డిస్కులన్నీ చూసుకునేది ఆవిడే కాబట్టి నర్సులు ఆ పేరు పెట్టారు. ఆవిడా కాదనలేదు. ఆ పొద్దున స్క్రీన్ చూడగానే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఫోను తీసి మరిదికి కొట్టింది.

"ఏమయ్యా, నువ్వు వేసింది లైనా, దారప్పోగా? ఈపాటికి అయిపోవాల్సిన కాపీ ఐదోవంతు దగ్గర చతికిలబడింది. ఉన్నపళంగా రా."

మరిది టెలిఫోన్ కంపెనీలో లైన్ల ఇంజనీరు. ఆసుపత్రి కొత్త భవనానికి మారిపోతోంది. పాత భవనంలోని డిస్కుల్లో వేలమంది పిల్లల గుండె స్కాన్లున్నాయి. వాటిని అక్కడికి పంపే లైను వేసింది అతనే. డిస్కుల్నే బండిలో వేసుకుపోదామంటే కుదరదు. అవి ఏళ్ళ తరబడి ఆగకుండా తిరుగుతున్న ముసలి డిస్కులు. ఒకసారి ఒకదాన్ని ఆపి చూశారు, అది మళ్ళీ లేవలేదు. కాబట్టి కరెంటుండగానే, అవి తిరుగుతుండగానే, ఉన్నదంతా లైను మీద దాటిపోవాలి. వేరే దారి లేదు.

మరిది వస్తూనే లైనుకి మీటరు పెట్టి చూశాడు. మొహం విప్పారింది.

"లైను బ్రహ్మాండంగా ఉంది వదినా. ఎనిమిదన్నాను, ఎనిమిదీ వస్తోంది. నీ డిస్కులు ఇచ్చేది ఐదేగా? ఐదుకి ఎనిమిది చాలదా?"

"ఐదేంటి?"

"సెకనుకి ఐదు మెగాబిట్లు."

డిస్కమ్మ కుర్చీలో కూలబడింది. "బిట్లని నీకెవరు చెప్పారయ్యా? డిస్కులవాళ్ళం మేం బైట్లలో చెప్తాం. బైటుకి ఎనిమిది బిట్లు. ఐదెనిమిదులు నలభై!"

"లైన్లవాళ్ళం మేం బిట్లలోనే చెప్తాం. నువ్వు ఐదంటే ఐదనుకున్నాను. బైట్లని నువ్వు మాత్రం అన్నావా?"

అనలేదు. ఆ గదిలో ఎవరూ అనరు, అక్కడ ఐదంటే ఏమిటో అందరికీ తెలుసు. అతని ఆఫీసులోనూ అంతే. వంటింట్లో ఒకరు గిన్నెల్లో, ఇంకొకరు గరిటెల్లో కొలుస్తూ ఇద్దరూ ఉత్త అంకెలే చెప్పుకున్నట్టయింది. ఇంతా చేసి మరిదికి ఎనిమిదో ఎక్కం నేర్పింది ఆవిడే. ఆవిడ పెళ్ళయి ఆ ఇంటికొచ్చేనాటికి అతను నిక్కర్లేసుకుని బడికి పోతుండేవాడు.

నలభై పట్టాల్సిన చోట ఎనిమిదే పడుతోంది. ఒక్క రోజులో అయిపోతుందనుకున్న పనికి ఐదు రోజులు కావాలి. సాయంత్రానికల్లా కరెంటు తీయించి తాళాలు అప్పజెబుతానని ఆసుపత్రి పెద్ద డాక్టరు పాత భవనం యజమానికి మాటిచ్చేశాడు. ఇంతకంటే పెద్ద లైను ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మరిది గొంతు తగ్గించాడు. "కోప్పడకు వదినా. డిస్కులు పాడైపోయాయని చెప్పేద్దాం. ముసలివేగా, ఎవరూ గుచ్చిగుచ్చి అడగరు. ఇది బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది."

ఆవిడ ఇంతెత్తున లేచింది. "నిక్షేపంలా తిరుగుతున్నవాటిని చచ్చాయనమంటావా? నోరెలా వచ్చిందయ్యా? రేపు ఏ పిల్లో వస్తుంది. చిన్నప్పుడు గుండెలో కన్నం ఎంతుండేది, ఇప్పుడెంతుంది అని చూడాలి కదా. పాత స్కాన్ లేకపోతే డాక్టరు దేంతో పోల్చుకుంటాడు, నీ ఉద్యోగంతోనా?"

మరిది మీటరు తీగలు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆవిడకి జాలేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

మధ్యాహ్నం పెద్ద డాక్టరు వచ్చాడు. డిస్కమ్మ ఎదురెళ్ళి, "లెక్క తప్పాను సార్. తప్పు నాదే. ఇంకో నాలుగు రోజులు కావాలి," అంది. మరిది ఊసెత్తలేదు. అతను తల దించుకున్నాడు.

"నాలుగు గంటలు కూడా ఇవ్వను. వచ్చినవి వచ్చాయి. మిగతావి పాడైపోయాయని చెబుదాం. కరెంటు తీయించేస్తున్నాను," అన్నాడు పెద్ద డాక్టరు.

డిస్కమ్మ కుర్చీ బరబరా ఈడ్చుకెళ్ళి గోడకున్న మెయిన్ స్విచ్ ముందు వేసుకుని కూర్చుంది.

"లెండి," అన్నాడాయన.

"లేవను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. ఉద్యోగం మీరిచ్చారు, తీసేసుకోండి. ఈ స్కాన్లు పిల్లలవి. ఇవి పారేసే హక్కు మీకూ లేదు, నాకూ లేదు."

పెద్ద డాక్టరు మొహం కందగడ్డలా అయింది. ఆవిడ మీద చెయ్యి వేయలేడు. చుట్టూ చూశాడు. మరిది కనిపించాడు.

"నువ్వు లైను పీకెయ్. అప్పుడు ఏం చూసుకుని కూర్చుంటుందో చూస్తాను."

లైను పెట్టె గదికి అవతలి మూలనుంది. ఆవిడ లేస్తే స్విచ్ పోతుంది, లేవకపోతే లైను పోతుంది. మరిది వెళ్ళి పెట్టె మూత తెరిచాడు. డిస్కమ్మకి తను ఎక్కాలు నేర్పిన పిల్లాడే తన కళ్ళముందు ఈ పని చేస్తాడా అని ఏడుపొచ్చింది.

"ఒరేయ్," అంది.

అతను తీగ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. కాసేపటికి చెయ్యి తీసి, మూత వేసి, దానికి వీపు ఆనించి ఇటు తిరిగాడు.

"పాడైంది డిస్కులు కాదండీ, నా లెక్క. బిట్లా బైట్లా అని అడక్కుండా లైను వేసింది నేను. మా కంపెనీకీ ఇదే చెప్తాను. లైను మాత్రం తియ్యను."

పెద్ద డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇద్దరూ ఇంటికి పోతారు!" అని అరిచాడు.

డిస్కమ్మ కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"పోతామండీ," అంది. "నాలుగు రోజులాగి."