ఆమెకు చెప్పాల్సిన మాటలు

లాండ్రీలో పనిచేసే మనిషి ఇంట్లో నెలల తరబడి ఉతకని బట్ట ఉందంటే ఎవరూ నమ్మరు. అతను పొద్దస్తమానం ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు ఉతికి, ఆవిరి రోలర్ల మీంచి తీసి మడతలు పెట్టేవాడు. చిన్న మరక కనబడినా మళ్ళీ నీళ్ళలో వేయందే ఊరుకునేవాడు కాదు. కానీ అతని మంచం మీద, గోడవైపున్న దిండు గలీబు మాత్రం అలాగే ఉండిపోయింది. అది భార్య దిండు. ఆమె పోయినప్పటినుంచి పడుకునే ముందు అతను దాని మీద ముఖం ఆనించేవాడు. తలనూనె వాసన, ఇంకా ఆమెదే అయిన ఏదో వాసన, రోజురోజుకీ పలచబడుతూ, అందీ అందకుండా తగిలేది.

ఇంట్లో ఉన్న ఇంకో మనిషి అత్తగారు. కూతురు ఆస్పత్రిలో చేరినప్పుడు చిన్న సంచితో వచ్చింది. అంతా అయిపోయాక వెళ్ళమని అతనూ అనలేదు, వెళ్తానని ఆమె కూడా అనలేదు. ఇద్దరూ ఒకరికొకరు అడ్డు రాకుండా ఆ రెండు గదుల్లో తిరిగేవారు.

ఆమె ప్రార్థనే అతనికి మింగుడుపడేది కాదు. పొద్దున టీ ముందు కళ్ళు మూసుకుని, పక్కింటివాళ్ళకి కూడా వినబడేలా మొదలుపెట్టేది.

"ప్రభువా, పక్కింటి చంటిది ఇవాళ గోడ పట్టుకోకుండా నిలబడింది, నీకు స్తోత్రం. పాలు పొంగబోయి ఆగాయి, స్తోత్రం. బస్సులో నాకు సీటిచ్చిన ఆ లావుపాటి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు తగ్గించు తండ్రీ."

అతను పళ్ళు బిగబట్టి కూర్చునేవాడు. బిడ్డని మట్టిలో పెట్టి వచ్చిన మనిషి పాలు పొంగలేదని సంతోషించడమేమిటి? ఈమెకి గుండె ఉందా, లేదా?

ఒక శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరండాలో తీగ మీద ఆ గలీబు ఆరుతోంది. అతనికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక తీగ మీంచి లాగి ముఖానికి నొక్కుకున్నాడు. సబ్బు వాసన. పగలంతా పనిలో పీల్చే సబ్బు వాసనే.

"ఇది ఎందుకు ఉతికారు?"

"మాసిపోయింది కదా బాబూ, రేపు ఆదివారం కదా అని దుప్పట్లతో పాటు..." అంటూ వంటగదిలోంచి వచ్చిన అత్తగారు, అతని ముఖం చూసి ఆగిపోయింది.

"ఊ అంటే స్తోత్రం, ఆ అంటే స్తోత్రం! పాలు పొంగకపోతే స్తోత్రం! మీ కూతుర్ని తీసుకుపోయినందుకు కూడా చెప్పండి, విని తరిస్తాను!"

ఆమె తడిచేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

మర్నాటినుంచి ఆ ఇంట్లో ప్రార్థన వినబడలేదు. టీ ముందు ఆమె కళ్ళు మూసుకునేది కానీ పెదవులు కదిలేవి కావు. అతనికి హాయిగా ఉండాల్సింది. కానీ చెంచా గ్లాసుకి తగిలిన చప్పుడు కూడా ఇల్లంతా మోగేది. రొట్టె సగం తిని పక్కన పెట్టేసేవాడు. క్షమించమని అడగాలని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చిన మాట టీతో పాటు లోపలికే వెళ్ళిపోయేది.

అలా ఉండగా ఒకరోజు లాండ్రీలో బాయిలర్ మొరాయించింది. అందరినీ మధ్యాహ్నమే పంపేశారు. అతను ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. వంటగదిలో మాటలు వినబడ్డాయి. ఎవరో చుట్టాలొచ్చారనుకుని గుమ్మంలోనే ఆగాడు. చుట్టాలెవరూ లేరు. అత్తగారు చిన్న పీట మీద కూర్చుని బఠానీలు ఒలుస్తూ, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడుతోంది.

"వెతికాను. పొద్దుటినుంచీ వెతుకుతూనే ఉన్నాను. ఇవాళ ఒక్కటీ దొరకలేదు. నీ మీద కోపంగా ఉంది, దాచడం దేనికి? పెద్దదాన్ని నన్నొదిలేసి దాన్ని తీసుకెళ్ళావు. వరస తప్పావయ్యా నువ్వు. సరే, నీ ఇష్టం. కానీ నేనేం చేశాను చూడు. వాడి దగ్గర మిగిలిన ఆ కాస్త వాసనా నా చేతుల్తో నేనే పోగొట్టాను. వాడు నన్ను తిట్టాడని నీకు చాడీలు చెప్పట్లేదు. వాడు సరిగ్గా తినట్లేదు. వాణ్ణి కనిపెట్టుకో."

అతను సంచి కింద పెట్టిన చప్పుడుకి ఆమె ఉలిక్కిపడింది. ఒళ్ళో బఠానీలు నేలంతా దొర్లాయి. ఇద్దరూ వంగి ఏరడం మొదలుపెట్టారు. ముఖాలు చూసుకోకుండా మాట్లాడుకోవడానికి అది వీలుగానే ఉంది.

"మీకూ ఆయన మీద కోపమా అత్తయ్యా?"

"ఎందుకు లేదు! కోపమొచ్చిందని మాట్లాడటం మానేస్తామా? నాకింకెవరున్నారు మాట్లాడటానికి?"

"మరి ఆ స్తోత్రాలన్నీ..."

ఆమె అల్మారా కిందకి చెయ్యి పెట్టి ఒక గింజ లాగింది. దాన్ని అరచేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

"నువ్వు పని ముగించుకుని ఆస్పత్రికి వచ్చేసరికి అది మందుల మత్తులో నిద్రపోయేది. నీకు తెలీదు. పగలంతా మెలకువగానే ఉండేది. దాని మంచం పక్కన కిటికీ లేదు కదా. 'అమ్మా, బయట ఏం జరిగిందో చెప్పు. ఏడుపు కబుర్లొద్దు, మంచివి చెప్పు' అనేది. నేనేం చెప్పను? నా కళ్ళకి లోకమంతా చీకటిగా ఉంటే! అయినా అడిగింది కదా అని, వచ్చే దారంతా వెతికేదాన్ని. మంగలి షాపులో కుర్చీలో కుక్క పడుకుంటే, మంగలాయన దాన్ని లేపలేక కస్టమర్‌ని నిలబెట్టి గడ్డం గీశాడు. అది చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది. 'రేపు కూడా చూడమ్మా' అంది."

ఆమె చేతిలోని గింజని గిన్నెలో వేసింది.

"అది పోయాక కూడా కళ్ళు వెతకడం మానలేదు బాబూ. చూసినవి ఎవరికి చెప్పను? నీకు చెబితే నీ మనసు కష్టపడుతుంది. అందుకని ఆయనకి చెబుతున్నాను. అది ఆయన దగ్గరే కదా ఉంది. ఆయనకి చెబితే దానికీ వినబడుతుందని."

అతను నేల మీదే కూర్చుండిపోయాడు. భార్య పోయిన రోజున కూడా రాని ఏడుపు, బఠానీల మధ్య, చిన్నపిల్లాడి ఏడుపులా వచ్చింది. అత్తగారు దగ్గరికి జరిగి అతని తల మీద చెయ్యి వేసింది.

బాయిలర్ బాగయ్యాక, పనికి వెళ్ళిన మొదటి రోజే, అతనితో పాటు మడతలు పెట్టే ముసలాయన, అందరూ ఆవిరి మామ అనే ఆయన, ఉతకడానికి వచ్చిన ఆస్పత్రి దుప్పటి దులిపాడు. అందులోంచి ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు బల్ల మీద పడి, నవ్వుతున్నట్టు ఆగింది. ఆవిరి మామ ఒక్క గెంతు గెంతి సబ్బుడబ్బాల వెనక నక్కాడు. అతను సాయంత్రం టీ దగ్గర ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడం రాలేదు. మధ్యమధ్యలో ఆగిపోయాడు. అయినా అత్తగారు విరగబడి నవ్వింది, కళ్ళొత్తుకుంది, వెంటనే కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, ఆ పళ్ళ కోసం నీకు స్తోత్రం. పోగొట్టుకున్నాయన భోజనానికి కూర్చునేలోపు ఆయనకి చేర్చు తండ్రీ."

"చేర్చేశాం అత్తయ్యా, వ్యాన్‌లో పంపేశాం."

"అయితే రెండు స్తోత్రాలు."

ఆ ఆదివారం ఆమె చర్చికి బయల్దేరుతుంటే అతనూ చెప్పులేసుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. అక్కడ చివరి బెంచీ మీద కూర్చున్నారు. పాట మొదలయ్యాక ఆమె పుస్తకం అతని వైపు జరిపింది. అక్షరాలు అలుక్కుపోయి కనబడ్డాయి. అతను పాడలేకపోయాడు. ఆమె మాత్రం రాగం ఎటు పోతే తనకేమన్నట్టు గొంతెత్తి పాడింది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు.

తిరిగి వస్తుండగా ఆమెకి ఆయాసం వచ్చింది. మూసి ఉన్న బట్టల షాపు మెట్ల మీద కూర్చుని చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకుంది. వీధిలో జనం లేరు. ఎండలో గాలి చల్లగా వస్తోంది.

"ఇక్కడ బాగుంది కదూ," అంది.

అతను పక్కనే కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఇంకొకరు కూర్చునేంత చోటు ఖాళీగా ఉండిపోయింది. ఇద్దరూ అది చూశారు. ఎవరూ జరగలేదు.

"బాగుంది అత్తయ్యా," అన్నాడు.